బ్లేడు లేని కత్తి

వీధిలో అందరూ ఆయన్ని పట్టుచెయ్యి అనేవాళ్లు. ఆయన గడ్డం గీస్తుంటే కునుకు తీయని మనిషి లేడు. సెలూన్‌లో రెండు కుర్చీలు. అద్దానికి దగ్గరది ఆయనది, తలుపు పక్కది బావమరిదిది. బావమరిదికి దువ్వెన పట్టడం దగ్గర్నుంచి నేర్పింది ఆయనే.

తేడా మొదట భార్య కనిపెట్టింది.

"ఆ కుడిచెయ్యి ఎక్కడైనా తాకట్టు పెట్టొచ్చారా? నడుస్తుంటే ఊగడమే లేదు!"

ఆయన నవ్వాననుకున్నాడు. మొహం మీదికి నవ్వు రాలేదని ఆమె చెప్పింది. పాలు మాడిన వాసన కూడా ఆయనకు తెలియలేదు. తర్వాత వణుకు వచ్చింది. చెయ్యి ఒళ్లో ఖాళీగా ఉంటే చాలు, బొటనవేలు చూపుడువేలి మీద లేని దారాన్ని పేనుతుండేది.

డాక్టరు పార్కిన్సన్స్ అంది. "ఊరికే ఉన్నప్పుడే వణుకుతోంది. పనిలో పెడితే నిలబడుతోంది. మందులు వాడండి. పనిలో కూడా వణికిన రోజు కత్తి పక్కన పెట్టేయండి."

బయట ఒక్క బావమరిదికే చెప్పాడు.

"నా నోరు దాటదు బావా. బ్లేడు విరిచి కత్తిలో బిగించడం నీకు ఆలస్యమవుతోంది కదా, ఇకనుంచి అది నేను చేసిపెడతాలే."

కొన్నాళ్లకు, వచ్చినవాళ్లు ఆయన కుర్చీ ఖాళీగా ఉన్నా పేపరు చదువుతూ రెండో కుర్చీ కోసం కూర్చోవడం మొదలుపెట్టారు. లెక్కల మాస్టారు ఒక్కడే మిగిలాడు. చిన్నప్పటి స్నేహితుడు.

ఆ ఉదయం మాస్టారు ఎప్పటిలాగే కళ్లు మూసుకుని తల వెనక్కి వాల్చాడు. బావమరిది కత్తి అందించాడు. ఆయన చెవి కింద పెట్టి లాగాడు. నురగ వచ్చింది, గరగర రాలేదు. మళ్లీ లాగాడు. కత్తి తిప్పి చూశాడు. అందులో బ్లేడు లేదు. అద్దంలో బావమరిది తల దించుకున్నాడు.

ఆయన నురగంతా చివరిదాకా తీసి, తువ్వాలుతో తుడిచాడు. మాస్టారు చెంప తడుముకున్నాడు.

"అబ్బ, వెన్నలా ఉందిరా!"

"గడ్డం అలాగే ఉందండీ."

ఆయన నోటి నుంచి ఆ 'అండీ' వినడం మాస్టారికి అదే మొదటిసారి. కళ్లు తెరిచాడు.

"నీ మంచికే బావా," అన్నాడు బావమరిది. "తెగితే కొట్టు పేరు పోతుందని..."

"నాకూ తెలుసురా. నిన్ను కష్టపెట్టడం ఇష్టంలేక..." అన్నాడు మాస్టారు.

"ఈ గడ్డంతోనే బడికి వెళ్తారా?" అడిగాడు ఆయన.

మాస్టారు రెండో కుర్చీ వైపు చూశాడు. "నువ్వు భోజనానికి వెళ్లాక వచ్చి, వాడితో గీయించుకుంటానన్నాను."

ఆయన బ్లేడు తీశాడు. విరవడానికి చాలాసేపు పట్టింది. బిగించడానికి ఇంకా ఎక్కువ పట్టింది. ఇద్దరూ సాయం రాలేదు.

"కూర్చోండి."

మాస్టారు మెడ చుట్టూ తువ్వాలు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

ఆయన తన మొహానికే సబ్బు రాసుకున్నాడు. చెవి దగ్గర్నుంచి గడ్డం దాకా, గడ్డం నుంచి గొంతు మీదికి. సెలూనంతా గరగర. చెయ్యి ఒక్కసారి కూడా అదరలేదు. తుడుచుకుని వెనక్కి తిరిగాడు. ఎక్కడా నెత్తురు చుక్క లేదు.

ఇద్దరూ వీధి వైపు చూస్తున్నారు.

కత్తి కింద పెట్టాడు. చెయ్యి ఖాళీ అయింది. వేళ్లు దారం పేనడం మొదలుపెట్టాయి.

అప్పుడు ఇద్దరూ ఇటు తిరిగి చూశారు.