అక్క తాగిన కుంకుమపువ్వు పాలు

నిన్న మనవడు రాజమహేంద్రవరం నుంచి అద్దపు బుడ్డిలో కుంకుమపువ్వు తెచ్చి, నా ముక్కు దగ్గర బిరడా తీశాడు. ఎండుగడ్డి మీద తేనె ఒలికినట్టుండే ఆ వాసనకి ఎవరికైనా నోరూరుతుంది. నేను మాత్రం ఈ వయసులోనూ మొహం పక్కకి తిప్పుకున్నాను.

మా చిన్నతనంలో కుంకుమపువ్వు కుంచాలతో కొలిచి పోసుకునేవాళ్లమని పిల్లలకి చెబుతూ వచ్చాను. కోతలు. ఉన్నది వేలెడంత పొట్లం. కాలవలు నిండుగా పారే రోజుల్లో పడవ మీద వచ్చే అత్తర్ల వర్తకుడి దగ్గర మామ్మ బేరమాడి కొని, జాడీలో పెట్టి ఉట్టి ఎక్కించేది. మాకు పడిశం పడితే సానరాయి మీద నేతితో అరగదీసి నుదుటికి పట్టు వేసేది, అజీర్ణమంటే రెండు రేకులు తేనెలో నానబెట్టి నాకించేది, పండక్కి పరమాన్నంలో వేస్తే ఆ ఘుమఘుమ ఏలకుల్నీ పచ్చకర్పూరాన్నీ దాటుకుని వీధరుగు దాకా వచ్చి మా గోళీలాట ఆపేసేది. కడుపుతో ఉన్నవాళ్లకి పూటకి మూడు రేకులు, గోరువెచ్చని పాలల్లో. మించితే వేడిచేసి కడుపు నిలవదని ఆడవాళ్లకి తెలుసు. నాకు తెలిసిందల్లా, అది తాగితే బిడ్డ బంగారు రంగులో పుడుతుందని వాళ్లు చెప్పుకోవడమే.

ఆ ఏడు అట్లతద్దికి అక్క ఏడో నెలతో పుట్టింట్లో ఉంది. ఉపవాసమున్న ఆడవాళ్లంతా గోరింటాకు చేతులతో తోటలో ఉయ్యాల దగ్గరికి పోయారు. అట్ల పిండి రుబ్బుతున్న మామ్మ, పాలల్లో మూడు రేకులు వేసి అక్కకిమ్మని నాతో చెప్పింది. మూడు రేకులకే బంగారమైతే పొట్లమంతా వేస్తే ఎంతవుతుందో అనుకుని, పీట మీద పీట వేసుకుని జాడీ దించి, మొత్తం గిన్నెలో దులిపేశాను.

"చేదుగా ఉందేంటిరా?" అంది అక్క. మామ్మ తాగమందన్నాను. తాగేసింది.

కాసేపటికే పొత్తికడుపు పట్టుకుని చాప మీద ఒరిగిపోయింది. మంత్రసాని వచ్చింది. మామ్మ జాడీ తెరిచి, ఖాళీ పొట్లం చూసి కొయ్యబారిపోయింది.

"అదంతా లోపలికి పోయిందాండీ? అయితే తల్లీబిడ్డా దక్కడం కష్టమండి" అంది మంత్రసాని.

అప్పుడు నేను ముందుకొచ్చి తప్పు ఒప్పుకున్నానని యాభై ఏళ్లుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. రాలేదు. రంగంటిన వేళ్లు చంకల్లో దాచుకుని గాదె వెనక నక్కాను. అక్క మూలిగినప్పుడల్లా నా ప్రాణం పైకెగిరేది, మూలగడం ఆపేసరికి ఆ నిశ్శబ్దానికి పంచె తడిసిపోయింది.

"నేనే తిన్నాను మామ్మా. వాసనకి ఆగలేకపోయాను" అంది అక్క, కళ్లు తెరవకుండానే.

తోటలోంచి పరిగెత్తుకొచ్చిన అమ్మ నెత్తి బాదుకుంటూ దాన్ని నానా మాటలూ అంది. మామ్మ మాత్రం కాగితానికంటుకున్న రెండు రేకులు తీసి నీళ్లలో వేసింది. ఎరుపంతా గభాలున దిగి, రేకులు మొక్కజొన్న పీచులా తెల్లబడ్డాయి. అసలు పువ్వు నీళ్లకి పసుపు పంచుతుందే గాని తన ఎరుపు అంత సులువుగా వదలదట.

"వాసనకి నాలుగు రేకులు కలిపి, పీచుకి రంగేసి అమ్మాడు. దొంగసరుకిచ్చి నా మనవరాల్ని బతికించాడే" అంటూ మామ్మ కూలబడి ఏడ్చింది.

పీచు రంగుకి పట్టిన నొప్పి పొద్దు వాలేసరికి తగ్గింది. మర్నాడు అక్క తన పాలు నా చేతే పంపమంది. గిన్నె వైపు చూడకుండా నడిచి సగం ఒలకబోశాను. మిగతా సగం తాగి, నా రంగంటిన వేళ్లు కొంగుతో రుద్ది రుద్ది తుడిచింది. పుష్యంలో మేనల్లుడు నేరేడుపండు రంగులో, గుండ్రాయిలా పుట్టాడు.

ఇప్పుడు సరుకు సామర్లకోటలో రైలు దిగుతోంది, అత్తర్ల పడవ మా కాలవలోకి రాదు. మామ్మ సానరాయి ఏ గోడలో కలిసిపోయిందో. అక్క పోయి మూడేళ్లు. నిజం చెప్పేద్దామని పోయినేడు మేనల్లుడింటికి వెళ్లాను.

"మావయ్యా, నేను కడుపులో ఉండగా మా అమ్మ తిండియావతో కుంకుమపువ్వంతా తినేసిందటగా, నిజమేనాండీ?" అని నవ్వుతూ అడిగాడు.

అవునన్నాను.