బుగ్గల కంటిన్యుటీ

నెత్తిమీద చెయ్యి పెట్టుకుని ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా మాట నమ్మొద్దనేవాళ్లు కృష్ణానగర్‌లో చాలామంది ఉన్నారు. వాళ్లని పట్టించుకోకండి.

తొంభైల మొదట్లో సినిమాల్లో గుంపులో నిలబడే వేషాలు వేసేవాణ్ని. ఉబ్బసం ఉండేది. సెట్లో పొగ వదిలితే అందరికంటే ముందు దగ్గేది నేనే. శ్రీనగర్ కాలనీలో ఒక డాక్టరమ్మ మూడు వారాలకు స్టెరాయిడ్ మాత్రలు రాసింది. ఊపిరి ఆడింది, ఆకలి పెరిగింది, బుగ్గలు ఉబ్బాయి. అద్దంలో నాకంటే ముందు నా బుగ్గలే కనబడేవి. వాటిని చూసే ఒక డైరెక్టర్ నాకు కరణం వేషం ఇచ్చాడు. నా మొదటి మాటలున్న వేషం.

కరణం వీధిలోంచి గుమ్మం ఎక్కే షాట్ అప్పుడే తీశారు. లోపలికి అడుగుపెట్టే షాట్, దాని వెంటే వచ్చే చివరి సీను మూడు నెలల తర్వాత, జూబ్లీహిల్స్ స్టూడియోలో. ఉబ్బిన బుగ్గలతో గుమ్మమెక్కినవాడు ఎండిన బుగ్గలతో లోపలికి వస్తే కంటిన్యుటీ పోతుంది. వేషమూ పోతుంది. అందుకని పాత చీటీయే చూపించి మందుల షాపులో మాత్రలు కొంటూ, మింగుతూ పోయాను.

పొద్దున లేస్తే మెడ వెనక దబదబమని కొట్టుకునేది. భయపడి మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఒక చేతికి బీపీ చూసి, రెండో చేతికీ చూసింది.

"ఏంది, మూడు వారాల గోలీలు మూడు నెలలు మింగినవా?"

"పది రోజుల్లో చివరి సీనండీ."

"సీను ఫికరే గాని పానం ఫికర్ లేదా? జర విను. రక్తనాళం గోడల కండరం ఉంటది. బిగుసుకో అని దానికి కబురొస్తది. ఆ కబురందుకునే చెవులు ఆ కండరం కణాలకు ఉంటయి. నీ గోలీ కణం లోపటికి పోయి ఆ చెవులు పెంచుతది. మెల్లగ చెప్పింది గూడ మైకుల ఒర్రినట్టు వినబడతది. వదులుగ ఉండు అన్న కబురేమో సరిగ వినబడదు. అందుకే నాళం బిగుసుకున్నది."

"అయితే రేపే మానేస్తానండీ."

"గట్ల మానితే కూలవడతవ్. బయటి మందొస్తున్నదని నీ ఒంట్ల ఇసుంటి మందే తయారుచేసే గ్రంథి పని బంద్ పెట్టింది. ఇయ్యాల్టి సంది కొంచెం కొంచెం తగ్గించు."

గదికొచ్చి మాత్రల సీసా ముందు పెట్టుకుని కూర్చున్నాను. తగ్గిస్తే బుగ్గలు దిగుతాయి. తగ్గించకపోతే ఏ నాళం ఎప్పుడు చిట్లుతుందో. చివరికి మేకప్ మేన్‌కి చెప్పుకున్నాను. ఆయన నా బుగ్గల్లో దూది కుక్కి, "ఒరేయ్, డైలాగు చెబుతూ మింగేసేవు" అన్నాడు. సీను అయిపోయింది. ఎవరూ కనిపెట్టలేదు.

ఆ దూది నేను కల్పించింది. మేకప్ మేన్‌కి కాదు కదా, ఎవరికీ చెప్పలేదు. పది రోజులూ ఒక్క మాత్ర కూడా తగ్గించలేదు. చివరి సీనులో ఊరివాళ్లు తలుపు విరగ్గొడుతుంటే కరణం గోడకానుకుని ఎడమ కన్ను నులుముకుంటాడు. భలే చేశావన్నారు. ఆ కంటికప్పుడు ఏమీ కనబడటం లేదు. మర్నాటి నుంచి ఆవిడ చెప్పినట్టే తగ్గించాను. చూపు సగమే తిరిగొచ్చింది.