మూలప్ప దేవుడు కాదు

ఉదయం ఐదూ నలభైకి మా వీధి కొళాయిలో నీళ్లొచ్చాయి. నేను రెండో బిందె పెట్టేలోపే మా అత్త గుడి నుంచి తిరిగొచ్చేసింది. ఆమె చేతిలో అరిటాకు ముక్క, దాని మీద వెన్నముద్ద వెళ్లేటప్పుడు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి.

"ఏమత్తా, గుడి తెరవలేదా?" అన్నాను.

"తెరిచే ఉండాది. మూలప్ప రొమ్ము మీద ఎవడో ఎర్రరంగుతో గీత కొట్టినాడు. నిలువు ఒకటి, అడ్డం ఒకటి. చెట్టు కొట్టేవాళ్లు ముందే వచ్చి గుర్తు పెట్టిపోతారే, అట్ల."

అవి అరవైల మొదటి సంవత్సరాలు. నగర్తపేటలో ఒక సందులో ఉండేవాళ్లం. గుడి అక్కడికి రెండు సందుల అవతల. అది శివుడి గుడి. ఎంత పాతదని అడిగితే మనిషికొక లెక్క చెప్పేవారు. పూజారి త్రేతాయుగం అనేవాడు. రాముడు ఈ దారిన పోతూ ఆగి, లింగాన్ని ప్రతిష్ఠించాడట. నేను చూసిన ప్రతి గుడిలోనూ రాముడు ఆగే ఉన్నాడు. లంక చేరడానికి ఆయనకు అంతకాలం ఎందుకు పట్టిందో నాకు ఆ గుళ్లు చూశాకే అర్థమైంది. గుడి కమిటీ పెద్దకు చిక్కపేటలో పట్టుచీరల అంగడి. ఆయన చోళులు కట్టించారనేవాడు. చోళులంటే ఆయనకు తెలిసింది ఒకటే, పక్కపేటలోని గుడి కూడా చోళులదేనట.

మా ఆయన హైస్కూల్లో చరిత్ర చెప్పేవారు. ఆయన లెక్క వేరు. గర్భగుడి అన్నిటికంటే పాతది. చిన్నది, చీకటిది, గోడల మీద ఒక్క బొమ్మ లేదు. ఆ గుడిలో నాకు నచ్చింది ఆ గోడలే. ముందున్న మంటపం తర్వాతి కాలంలో ఎవరో డబ్బున్నవాడు కట్టించినది. నల్లరాతి స్తంభాలు. ఒక్కో స్తంభం కొంత మేర నాలుగు పలకలుగా, కొంత మేర ఎనిమిది పలకలుగా ఉంటుంది. నాలుగు పలకలున్నచోట చాలావాటికి బొమ్మలు. గోపురం ఇటుక, సున్నం. అది మా మామగారి తాతల నాటిది. దాని మీద దేవతలందరికీ ఒకటే ముఖం, పనివాడికి వచ్చిన ముఖం అదొక్కటే కాబోలు.

మూలప్ప ఉన్నది మంటపంలో ఎడమవైపు వెనక మూల. స్తంభం కింది పలక మీద, మోకాలెత్తు మనిషి. పొట్ట ఉంది, నడుముకు బాకు ఉంది, కొప్పు ఒక పక్కకు ఒరిగి ఉంది. రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. ముఖం మాత్రం లేదు. వెనకటి తరాల ఆడవాళ్లు వెన్న, నూనె రుద్ది రుద్ది దాన్ని నున్నటి గుండు చేసేశారు. మూలలో ఉన్నాడు గనక మూలప్ప.

లోపలి లింగం దగ్గరికి మా అత్త వెళ్లేది కాదు. "ఆయన పెద్దాయన. అందరూ ఆయన్నే అడుగుతారు. ఈయప్పకు పనేముండాది, వింటాడు," అనేది. ఆమె చేసేది ప్రార్థన కాదు. రాత్రి బియ్యంలో రాళ్లొచ్చిన సంగతి, పక్కింటావిడ పొగరు, నా వంటలో లోపాలు, అన్నీ చెప్పి వచ్చేది. నాకు మొదటి బిడ్డ నిలవనప్పుడు ఆయనకు వెన్న మానేసింది. రోజూ వెళ్లి, వట్టిచేతులు చూపించి తిట్టి వచ్చేది. తర్వాత మా అమ్మాయి పుట్టాకే మళ్లీ వెన్న.

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఆమె పైకి చెప్పేది కాదు. మామగారు పోయినప్పటి నుంచి ఆమె ఎవరికీ ఎదురు రాకూడదు. పెళ్లిళ్లలో వెనక గదిలో కూర్చోవాలి. గుడిలో కూడా ముత్తయిదువలు పక్కకు తప్పుకునేవారు. ఆ మూల చీకటిగా ఉండేది, అక్కడికి ఎవరూ వచ్చేవారు కాదు. ఊరు మొత్తంలో ఆమె ఎవరికీ జవాబు చెప్పకుండా నిలబడగలిగిన చోటు అదొక్కటే.

ఆ ఉదయం మా ఆయన కాఫీ తాగుతుంటే ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మొన్న కమిటీవాళ్లతో పోయి స్తంభాలు చూసినావు గదా. ఏం చెప్పినావు రా?"

"ఉన్నదే చెప్పినానమ్మా. ఏ స్తంభం మీద దేవుడుండాడు, ఏ దాని మీద లేడు అని అడిగినారు."

"మూలప్ప మీద?"

"మూలప్ప దేవుడు కాదమ్మా. ఆ మంటపం కట్టించిన మనిషి. దాత. అట్లా బొమ్మ చెక్కించుకునేది అప్పట్లో వాడుక."

"దేవుడు కాకపోతే ఇన్నేళ్లు వెన్న తిన్నది ఎవరు రా?"

"ఎలుకలు."

నేను నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి వెళ్లాను. మాటలు అక్కడికీ వినిపిస్తూనే ఉన్నాయి.

"ఆయన చేతులు చూడమ్మా. జోడించుకోని ఉండాడు. దేవుడైతే ఎవరికి మొక్కుతాడు?"

"నాకు. పొద్దన్నే లేచి పొయ్యేది నేనొక్కదాన్నే గదా. అయినా ఆంజనేయుడు మొక్కడా?"

"తోక ఏది?"

"వెనక ఉండాది. రాతి లోపల. నువ్వు పగలగొట్టి చూసినావా?"

నేను తిరిగొచ్చేసరికి మా ఆయన లోటా కింద పెట్టేసి గోడ వైపు చూస్తున్నారు. కమిటీవాళ్లు ఆ ప్రశ్న ఎందుకు అడిగారో ఆయనకు అప్పుడే తట్టింది. మంటపాన్ని పెళ్లిళ్లకు అద్దెకివ్వాలని వాళ్ల ఆలోచన. భోజనానికి ఆకులు వేస్తే వరుసకు స్తంభాలు అడ్డం. దేవుడున్న స్తంభం తీస్తే పాపం. దేవుడు లేనివి మూడు ఉన్నాయి, రెండు బోడివి, ఒకటి మూలప్పది. వాటిని తీసేసి ఇనుప దూలం వేస్తారు.

"నేను పోయి చెప్తానమ్మా, కప్పు కూలుతుందని," అన్నారు.

"కూలుతుందా?"

"దూలం వేస్తే కూలదు."

"మరి అబద్ధం ఎందుకు చెప్తావు? నువ్వు దేవుడని చెప్పు, చాలు."

"అదీ అబద్ధమే గదమ్మా."

"మీ నాయనా ఇంతే," అంది. అది పొగడ్తో తిట్టో నాకు ఈరోజుకీ తెలియదు.

సాయంత్రం కమిటీ గుడిలోనే కూర్చుంది. ఆమె నన్ను తోడు తీసుకుని వెళ్లింది. మా ఆయన కొంచెం వెనకగా వచ్చారు. మగవాళ్లు నలుగురూ మంటపం మధ్యలో చాప మీద ఉన్నారు. పైన ట్యూబ్‌లైటు. దాని మీద ఎర్రని అక్షరాలతో కమిటీ పెద్ద తండ్రి పేరు, ఊరు, గోత్రం. అన్నీ రాశాక వెలుతురు రావడానికి కొంచెం చోటు మిగిలింది.

"రా అవ్వా, కూర్చో," అన్నాడు పెద్ద.

"ఏమప్పా, మూలప్పను తీసేస్తారంట."

"అది దేవుడు కాదంట అవ్వా. మీ మేష్ట్రే చెప్పినాడు. సుమ్నే, ఉత్త రాయి."

"దేవుడు కాదు. నేనూ ఒప్పుకుంటా," అంది మా అత్త. నా వెనక మా ఆయన తల పైకెత్తారు. "ఈయప్ప ఈ మంటపానికి యజమాని. మావాడు చదువుకున్నోడు, అబద్ధం చెప్పడు. ఆ లైటు మీద ఎవరి పేరప్పా?"

"మా నాయనది."

"ఆ ఫ్యాను రెక్కల మీద?"

"నాది."

"తిరిగేటప్పుడు కనపడదు. కరెంటు పోయినప్పుడే నీ పేరు చదివేది. పోనీలే. ఈయప్ప లైటు ఇయ్యలేదు, ఫ్యాను ఇయ్యలేదు. నువ్వు కూర్చున్న నేల, నీ నెత్తి మీద కప్పు ఇచ్చినాడు. ఆయన్నే ఆకుల వరుసకు అడ్డమని తీసేస్తిరి. రేపు నీ మనవడి కాలానికి మీ నాయన లైటు తీసేదానికి ఎంతసేపు పడుతుంది?"

కమిటీ పెద్ద తలెత్తి లైటు వైపు చూశాడు. రెండోవాడు గంట వైపు, మూడోవాడు హుండీ వైపు చూశారు. ఎవరి పేరు ఎక్కడుందో వాళ్లు అక్కడికే చూశారు. నాలుగోవాడు ఇంకా ఏమీ ఇవ్వలేదు కాబట్టి మా అత్తనే చూస్తూ ఉండిపోయాడు.

మూలప్ప నిలిచాడు. బోడి స్తంభాలు రెండూ పోయాయి.

ఇంటికి వచ్చే దారిలో మా ఆయన అడిగారు. "దేవుడు కాదని ఒప్పుకుంటివే అమ్మా?"

"ఒప్పుకుంటే ఏం పోతాది? వాళ్లకు చెప్పిన మాట అది. నాకు తెలీదా, ఆయప్పకు తెలీదా?"

ఏం పోతుందో రెండు నెలల్లో తెలిసింది. దాతను గౌరవించాలని కమిటీకి గట్టిగా తోచింది. మూలప్పకు ఆయిల్ పెయింటు వేయించారు. ముఖం లేనిచోట కళ్లు, మీసం గీయించారు. ఆ మీసం కమిటీ పెద్ద మీసంలాగే ఉండేది. చుట్టూ ఇనుప కటకటాలు పెట్టారు. "మంటప దాత, తాకరాదు" అని పలకరాయి. ఆ మూలకు కొత్త ట్యూబ్‌లైటు, దాని మీద నాలుగోవాడి పేరు.

మా అత్త వెన్న తీసుకుని వెళితే పూజారి ఆపాడు. "దాతకు నైవేద్యం పెట్టకూడదు అవ్వా. మనిషి కదా. నువ్వే చెప్పినావంట." ఆమె ఆ వెన్నను తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ పూట దోసెలకు వాడేశాను.

కొన్నాళ్లు వట్టిచేతులతోనే వెళ్లి, కటకటాల బయట నిలబడి మాట్లాడి వచ్చేది. కానీ ఇప్పుడక్కడ వెలుతురు ఉంది. ముహూర్తం రోజుల్లో పెళ్లివారు తెల్లవారకముందే వచ్చేసేవారు. ఒకరోజు ఒకావిడ, పెళ్లికూతురి తరఫు మనిషి, "కొంచెం అవతలికి పోవమ్మా, పిల్ల వస్తా ఉండాది," అంది. మర్యాదగానే అంది. మా అత్త అవతలికి వచ్చింది, ఇంటికి వచ్చింది, మళ్లీ వెళ్లలేదు.

"ఇంకో గుడికి పోదామా అత్తా?" అన్నాను ఒకసారి.

"అక్కడ నాకు ఎవరు తెలుసు?" అంది.

కొడుకు మీద కోపం పెట్టుకోలేదు. "వాడు నిజం చెప్పినాడు, నేను ఒప్పుకుంటి," అనేది. బియ్యంలో రాళ్ల సంగతి ఇక నాకే చెప్పేది. మా ఆయన మాత్రం ఆ తర్వాత ఎవరు పిలిచినా ఏ గుడి స్తంభాలూ చూడటానికి వెళ్లలేదు.

అరవైల చివర ఆమె పోయింది. పదమూడో రోజు వచ్చినవాళ్లందరూ మహాభక్తురాలు అన్నారు. భక్తి సంగతి నాకు తెలియదు. ఆమెకు అక్కడ ఒక మనిషి తెలుసు, అంతే.

ఆ తర్వాత ఒక పెళ్లికి ఆ మంటపానికి వెళ్లాను. మూలప్ప ఉన్నాడు. రంగు కొత్తగా వేశారు. చేయి కడుక్కునే వరుస ఆ కటకటాల పక్క నుంచే పోతుంది. జనం ఆయన్ను దాటి తొట్టి దగ్గరికి వెళుతున్నారు. ఆయన్ను ఇప్పుడు ఎవరూ ఏమీ అడగరు.