అన్నకు తగ్గించిన మార్కు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. డాక్టరు మాటనూ పూర్తిగా నమ్మలేదు. నా తెలివితక్కువతనమంతా ఆ రెండోదాంట్లోనే ఉంది.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు రోజుకొకటి పుట్టుకొస్తున్న కాలమది. అలాంటి ఒకదాంట్లో నేను టెస్టర్‌ని. పెళ్లి చేసుకోని అన్నా నేనూ మౌలాలిలో అద్దెకుండేవాళ్లం. అన్నకు లివర్ గట్టిపడి పాడైపోయింది. పేగుల్లో పుట్టే అమ్మోనియాను అది ఆపలేక తలకెక్కనిస్తుందనీ, రోజూ రెండు మూడు విరేచనాలయ్యేలా తియ్యటి సిరప్ తాగించాలనీ డాక్టరు చెప్పారు. మెదడు తేడా చేస్తే ముందే తెలిసేలా, పొద్దున్నే నోటుబుక్కులో తేదీ వేయించి ఐదు కోణాల నక్షత్రం గీయించమన్నారు.

నేను పదికి మార్కులు వేసేవాణ్ని. చిన్నప్పుడు నా లెక్కలకు అన్న సున్నాలు చుట్టిన కక్షకొద్దీ ఏడు దాటనిచ్చేవాణ్ని కాదు.

"జెర మంచిగెయ్యి తమ్మీ, గివేమన్న నీ జాగీరా?"

"గీత వంకరుందన్నా."

"నీ చూపే వంకరుంది."

ఒక ఆదివారం మా మేనేజరు భోజనానికి వస్తానన్నాడు. ఇంట్లో ఒకటే బాత్రూము, అదీ హాలు పక్కనే. పరువు కోసం శుక్రవారం నుంచే సిరప్ ఆపేశాను.

"దవా ఏదిరా?" అన్నాడు అన్న.

"సోమారం సంది తాగుదువు తియ్" అన్నాను. విరేచనం ఆగితే వివేచన పోతుందని తట్టలేదు.

ఆదివారం నక్షత్రం చివరి గీత కలవలేదు. మూడు మార్కులు వేసి నవ్వాను. భోజనాల దగ్గర అన్న గ్లాసు పట్టలేకపోయాడు. చెయ్యి టాటా చెబుతున్నట్టు ఊగింది. మేనేజరు కూడా టాటా చెప్పాడు.

సోమవారం ఎంత లేపినా లేవలేదు. ఇంటికి తాళం వేసి సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రిలో చేర్చాను. ముక్కులో గొట్టంగుండా అదే సిరప్ పోశారు, ఎనిమాలు ఇచ్చారు. "మందు ఆపారా?" అని అడిగారు. అన్న కళ్లు తెరవలేదు. బుధవారం మధ్యాహ్నం పోయాడు.

ఆ మూడు రోజులూ తాళంచెవి నా జేబులోనే ఉంది.

ఇల్లు తెరిచి నోటుబుక్కు తీశాను. వంకర నక్షత్రం కింద మరో మూడు నక్షత్రాలు. సోమ, మంగళ, బుధవారాల తేదీలు, అన్న చేతిరాతలో. గీతలు స్కేలు పెట్టినట్టున్నాయి.

ముందే గీసి ఉంచాడనుకుందామంటే, ఆదివారం మార్కులు వేసినప్పుడు ఆ జాగా ఖాళీగా ఉండటం నేనే చూశాను. ఆ తర్వాత గీశాడంటే, గ్లాసు నిలవని చేతికి గీత ఎలా నిలిచింది? బుధవారంతోనే ఎందుకు ఆపాడు? తప్పులు వెతకడమే నా ఉద్యోగం. ఇన్నేళ్లలో నాది తప్ప ఇంకో తప్పు దొరకలేదు.

ఆ మూడింటికీ పదికి పది వేయాల్సిందే. తొమ్మిదేసి వేశాను. ఒక్క మార్కు తగ్గినా ఊరుకునే మనిషి కాదు, కొట్లాటకైనా వస్తాడనుకున్నాను.

ఇంకా రాలేదు.