ముప్పై ఏడు కప్పులు

నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసున్న అంతస్తును శుభ్రం చేసే అక్క నలభై దాటాక ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టింది. వనపర్తి దగ్గర పల్లెలో ఏడో తరగతితోనే ఆమె చదువు ఆగిపోయింది. సూపర్‌వైజర్ కావాలంటే పది పాసవ్వాలన్నారట. ఒక మధ్యాహ్నం ప్యాంట్రీలో నేను టీ తాగుతుంటే పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

"మేడం, గీ కారణాంకాల జతలంటే ఏంది? జర చెప్పుండ్రి."

"రెండు సంఖ్యలు గుణిస్తే ముప్పై ఆరు రావాలక్కా. అలాంటి జతలన్నీ రాయాలి. ఎక్కాలు గుర్తు తెచ్చుకోండి."

ఆమె తల దించుకుంది. అయిదో ఎక్కం దాటి రాదట.

ఏం చేయాలో తోచక కాగితం కప్పుల కట్ట విప్పాను. ముప్పై ఆరు కప్పులు లెక్కపెట్టి, సమానమైన వరసల్లో పేర్చమన్నాను. ఒక వరసలో ముప్పై ఆరు. రెండు వరసలైతే పద్దెనిమిదేసి, మూడైతే పన్నెండేసి, నాలుగైతే తొమ్మిదేసి. అయిదు వరసలకు ఒక కప్పు మిగిలింది. ఆరుకు ఆరేసి వచ్చాయి. ఏడు, ఎనిమిది కుదరలేదు. తొమ్మిది వరసలు పేర్చబోయి ఆగింది.

"గిది ఇందాకటిదే గద మేడం. నాలుగు, తొమ్మిది అటిటు మర్లినయ్, గంతే. ఆరు ఆర్లు అయినంక ఇగ ఎందుకు చూసుడు?"

వర్గమూలం దాటి, అంటే ఇక్కడ ఆరు దాటి, వెతకక్కర్లేదని నాకు బడి రోజుల నుంచీ తెలుసు. ఆ సూత్రం పెట్టి కోడ్ కూడా రాశాను. ఎందుకు అక్కర్లేదో మాత్రం ఏనాడూ ఆలోచించలేదు.

మర్నాడు తనే ముప్పై ఏడు కప్పులు తీసింది. ఆరు వరసల దాకా ఎలా పేర్చినా ఒకటో రెండో మిగులుతున్నాయి. లెక్క తప్పానేమోనని మళ్ళీ ఎంచింది. ముఖం చిన్నబోయింది.

"నా తలకాయకు ఎక్కదు మేడం."

"మీ తప్పేం లేదక్కా. దానికి ఒకటీ ముప్పై ఏడూ తప్ప వేరే జత లేదు. ప్రధాన సంఖ్య అంటారు."

"గట్లాంటియి కూడ ఉంటయా?" అంటూ కప్పులు ఒకదాంట్లో ఒకటి దూర్చసాగింది. "చిన్నప్పుడు లెక్క తెగకుంటే సార్ కొట్టేటోడు. తెగనియి కూడ ఉంటయని ఎవ్వరు చెప్పలే."

ఆ సంవత్సరం ఆమె లెక్కల పరీక్ష తప్పింది. చాలా రోజులు పుస్తకం ముట్టలేదు. పలకరిస్తే ఏడుస్తుందేమోనని నేను తప్పించుకు తిరిగాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చివరికి తనే పుస్తకం తెచ్చుకుని నా ముందు కూర్చుంది. రెండోసారి పాసైంది. సూపర్‌వైజర్ పని ఇంకో బిల్డింగ్‌లో ఇచ్చారు.

వెళ్ళే రోజు కింద గేటు దగ్గర అడిగాను, లెక్కలంటే భయం పోయిందా అని.

"పోలే మేడం. భయపడుకుంటనే చేస్తున్న," అంది నవ్వుతూ.

నార్సింగి వైపు వెళ్ళే షేర్ ఆటో వచ్చి ఆగింది. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఎక్కి కూర్చుంది.