డ్వైట్ వెల్డింగుకు రుజువు

లోవెల్ స్టౌఫర్ గొంతు పెంచగా నేను ఒక్కసారి కూడా వినలేదు. నాకు ఒళ్ళు మండేది అందుకే. తిట్టాల్సిన చోట తిట్టే మనిషైతే ఎదుటివాడి బతుకు ఎంత సుఖంగా ఉంటుంది! ముప్పై ఒక్క ఏళ్ళు మా కౌంటీ స్కూలు బస్సులు బాగుచేశాడు. ఏ బస్సుకి ఏ రోజు ఏం చేశాడో తేదీ వేసి చీటీ రాసి, తన పనిముట్ల పెట్టె మూత లోపల టేపుతో అంటించేవాడు. ఆ చీటీలు చూసి మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. "పెళ్ళాన్ని ముద్దుపెట్టుకున్నా చీటీ రాసుకుంటావట్రా?" అని నేనే ఒకసారి అడిగాను. "దానికి అక్కర్లేదులే, అర్లీన్‌కే గుర్తుంటుంది," అన్నాడు శాంతంగా.

నా సంగతి వేరు. నా పేరు వర్జిల్ కోట్స్. మా ఒహాయో కొండల్లోని పాత మోటార్‌సైకిళ్ళ క్లబ్బులో ఇరవై ఏళ్ళుగా బండ్లు తనిఖీ చేసేది నేనే. మాది బురదలో గుట్టలెక్కి దూకే పందెం. పంతొమ్మిదొందల డెబ్బై నాలుగు దాకా తయారైన బండ్లకు ఒక తరగతి ఉంది. బండి పాతదైతే చాలదు. అందులో ప్రతి భాగమూ ఆనాటిదై ఉండాలి, లేదా ఆనాటి క్యాటలాగులో బొమ్మకు అచ్చంగా సరిపోవాలి. ఇంట్లో చేసుకున్న భాగమైతే డెబ్బై నాలుగు డిసెంబరు లోపు చేసినట్టు రుజువు కావాలి. ఆ రుజువు కాగితం మీదైనా ఉండాలి, ఇనుము మీదైనా ఉండాలి. నేను కళ్ళారా చూశానంటే కుదరదు.

ఈ ఆరో నిబంధన రాసింది నేనే. పదేళ్ళ కిందట ఒక పెద్దమనిషి నిన్నగాక మొన్న చేయించిన, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు తగిలించుకొచ్చి, అది పాతదేనని ముగ్గురు స్నేహితుల చేత బైబిలు మీద ఒట్టు వేయించాడు. ముగ్గురూ పచ్చి అబద్ధాలాడారు. వాళ్ళలో ఒకడు మా చర్చిలో కానుకల పళ్ళెం పట్టేవాడు! ఆ సాయంత్రమే కోపంతో కూర్చుని రాశాను. అందరూ చప్పట్లు కొట్టారు.

నాకు ఇంకో పిచ్చి కూడా ఉంది. తుప్పు కనబడితే పూనకం వస్తుంది. మట్టీ తుప్పూ ఉన్న బండిని నా తనిఖీ డేరాలోకి రానివ్వను.

లోవెల్ వాళ్ళన్న డ్వైట్ నా ఈడువాడు. మేమిద్దరం ఒకే బండి మీద కొండలన్నీ తిరిగాం. వాడి ఎర్ర ట్యాంకు చెకోస్లోవేకియా బండికి వెనక చక్రం ఎక్కువ ఊగేది కాదు. గుంటలో పడితే నడుము విరిగేది. వెనక చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని పైకీ కిందికీ ఊగే ఇనుప చెయ్యి ఉంటుంది, దాన్ని స్వింగ్ ఆర్మ్ అంటాం. డెబ్బై నాలుగు ఫిబ్రవరిలో డ్వైట్ తన పాల గదిలో కూర్చుని, దొరికిన గొట్టాలు కోసి, వెల్డింగ్ చేసి సొంతంగా స్వింగ్ ఆర్మ్ తయారుచేశాడు. చక్రం ఇంకా ఎక్కువ ఊగేలా షాకబ్జర్లు తగిలించే చెవులు ముందుకు జరిపాడు. నేను పక్కన నిలబడి గొట్టం పట్టుకున్నాను. అయ్యాక, స్వింగ్ ఆర్మ్ కుడి చెయ్యి అడుగున, ఇనుములో అక్షరాలు దింపే పంచీలతో తన పేరు మొదటి అక్షరాలూ, నెలా, సంవత్సరమూ కొట్టాడు. దాగలి మీద ఆ ఇనుము కదలకుండా అదిమిపెట్టింది నేను. చివరి నాలుగు అంకె వంకరగా పడింది. "నీ చెయ్యి వణికిందిరా వెధవా!" అన్నాడు. "సుత్తి నీ చేతిలో ఉంది, వణికింది నాదా?" అన్నాను. లోవెల్ ఆ రోజు ఊళ్ళో లేడు.

ఆ ఎండాకాలమంతా డ్వైట్ దాని మీదే పందేలు తిరిగాడు. అక్టోబరులో సున్నపురాయి క్వారీలో లారీ తిరగబడి చనిపోయాడు. ఇరవై మూడేళ్ళు. బండిని కొట్టంలో పెట్టి తార్పాలిన్ కప్పారు. లోవెల్ నలభై నాలుగేళ్ళు ఆ తార్పాలిన్ మార్చాడు గాని, బండిని మాత్రం ముట్టుకోలేదు.

పోయిన చలికాలం లోవెల్ చేతులు వణకడం మొదలైంది. వచ్చే ఏడాది హ్యాండిల్ పట్టుకోవడం కుదరదని డాక్టరు చెప్పాడు. ఏనాడూ ఏదీ అడగని మనిషి అప్పుడు ఒక్కటి అడిగాడు. అన్నయ్య బండి, అన్నయ్య అరవై ఒకటో నంబరుతో, అన్నయ్య చేసిన స్వింగ్ ఆర్మ్‌తో పందెం మొదలయ్యే గేటు దగ్గర నిలబడాలి. తను నడపాలి. ఒక్క పందెం చాలు. భార్య అర్లీన్ మొదట వద్దని ఏడ్చింది. తరవాత "ఈ ఒక్కసారే" అంది. వసంతంలో అతను నాకు ఒకసారి ఫోన్ చేశాడు. ఏదో మాట్లాడాను. ఫోన్లో నేనేం మాట్లాడతానో నాకే గుర్తుండదు.

జూన్‌లో ఆ శనివారం పొద్దున నా డేరా ముందుకు బండిని తోసుకొచ్చాడు. అబ్బ, ఎలా ఉందనుకున్నారు! కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. ఫైర్ స్టేషన్ చందాల కోసం గుడ్డు శాండ్విచ్‌లు అమ్ముతున్న ఆడవాళ్ళు అది ఆపి చూడ్డానికొచ్చారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కనబడకుండా మొహం తిప్పుకుని టార్చి తీశాను.

"స్వింగ్ ఆర్మ్ ఇంట్లో చేసింది," అన్నాను, పుస్తకంలో రాసుకుంటూ. "రుజువు?"

లోవెల్ ప్లాస్టిక్ కవరులోంచి ఫొటో తీశాడు. డెబ్బై నాలుగు మే నెలది, వెనక తేదీ కూడా ఉంది. డ్వైట్ గుట్ట మీంచి దూకుతున్నాడు. కాని బండి అంతా బురద. స్వింగ్ ఆర్మ్ కాదు కదా, వెనక చక్రానికి ఊచలున్నాయో లేదో కూడా తెలీదు. మొత్తం ఫొటోలో శుభ్రంగా ఉన్నవి డ్వైట్ పళ్ళు మాత్రమే.

"దీన్లో ఏం కనబడుతోందిరా, నా మొహం!" అన్నాను. "సరేలే. ఫొటో దేనికి? అసలు రుజువు కింద ఉంది."

నేను ధీమాగా నేలమీద వెల్లకిలా పడుకుని స్వింగ్ ఆర్మ్ కుడి చెయ్యి అడుగున టార్చి వేశాను. నల్లగా, నున్నగా ఉంది. వేలితో తడిమాను. ఎడమ చెయ్యేమోనని అటూ చూశాను. మళ్ళీ కుడి చూశాను.

"లోవెల్, ఇక్కడ అక్షరాలు ఉండాలి. ఏవీ?"

"ఏ అక్షరాలు?"

"మీ అన్న కొట్టినవి! పేరూ తేదీ. నేనే పట్టుకున్నాను!"

లోవెల్ మోకాళ్ళ మీద వంగి చూశాడు. "అక్కడ తుప్పు పట్టి గుంటలు పడి ఉంది వర్జిల్," అన్నాడు మెల్లగా. "గ్రైండర్ పెట్టి తీసేశాను. తరవాత ఉప్పు కాగితంతో నున్నగా రుద్ది రంగు వేశాను."

"ఎవడు చెప్పాడ్రా నీకు గీకమని? బుర్ర ఉందా నీకు? చచ్చిన అన్న చేతిరాత గ్రైండర్ పెట్టి గీకేస్తావా?" అని అరిచాను. డేరా చుట్టూ ఉన్నవాళ్ళందరూ విన్నారు. లోవెల్ నా వంక చూశాడు. వెనక నిలబడ్డ అర్లీన్ "అదేమిటి, మీరేగా..." అని మొదలెట్టింది. లోవెల్ ఆమె చెయ్యి పట్టుకుని "ఊరుకో" అన్నాడు. నేను ఆ కోపంలో అదేమీ పట్టించుకోలేదు.

నిబంధనల పుస్తకం మూడుసార్లు తిరగేశాను. నేను రాసిన పుస్తకంలో నాకే సందు దొరకలేదు.

"అది కాదు వర్జిల్," అంది అర్లీన్. "వాళ్ళ అన్న అక్టోబరులో పోయాడు. డిసెంబరు తరవాత ఎలా చేస్తాడు? చచ్చాక లేచొచ్చి వెల్డింగ్ చేశాడా?"

"డ్వైట్ చేశాడని నాకు తెలుసమ్మా. డ్వైట్ చేశాడని రుజువేది? సమాధి రాయి మీద తేదీ ఉంది. ఇనుము మీద లేదు."

"మీరు చూశారుగా!"

"చూశాను. కళ్ళారా చూశాను. ఆ చూడ్డమే పనికిరాదు."

తనిఖీ పాసైన బండికి అంటించే పచ్చ స్టిక్కరు నా జేబులో ఉంది. తీసి అంటించడానికి ఒక్క క్షణం పట్టదు. చెయ్యి జేబులోకి పోయింది కూడా. అప్పుడే రస్ బీలర్ మీద నా చూపు పడింది.

రస్ డేరా గుంజకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాడిదీ ఇదే రకం బండి. పోయిన ఏడాది ఇదే డేరాలో, వాళ్ళ నాన్న చేసిన స్వింగ్ ఆర్మ్‌ని రుజువు లేదని తిప్పి పంపేశాను. వాళ్ళ నాన్న కూడా చనిపోయాడు. ఆ రోజు రస్ బతిమాలాడు. నేను ఆరో నిబంధన గట్టిగా చదివి వినిపించాను.

"అంటించు వర్జిల్, ఆగావేం?" అన్నాడు రస్. "అతని అన్నకో న్యాయం, మా నాన్నకో న్యాయం. అంతేగా?"

నా చెయ్యి జేబులోంచి ఖాళీగా బయటికొచ్చింది. ఆ రెండు స్వింగ్ ఆర్మ్‌లకీ మధ్య ఏదైనా తేడా వెతికాను. దొరకలేదు. వాడన్నదాన్లో తప్పేముంది?

"రుజువు అడగని పై తరగతిలో పరిగెట్టొచ్చు," అన్నాను లోవెల్‌తో. అన్నాక సిగ్గేసింది. అక్కడ పొడుగు షాకబ్జర్ల బండ్లు, కుర్రాళ్ళు. వణికే చేతులతో వాళ్ళ మధ్యకి పంపడమంటే చంపడమే. "పోనీ, పందెం ముందు పాత బండ్ల ఊరేగింపు ఉంది, అందులో ఒక చుట్టు తిరుగు."

"అన్నయ్య దీన్ని ఊరేగింపు కోసం చెయ్యలేదు వర్జిల్," అన్నాడు.

చివరికి రస్సే కదిలాడు. తన ట్రక్కు దగ్గరికి వెళ్ళి, బబుల్ కవరు చుట్టిన కొత్త స్వింగ్ ఆర్మ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. పోయిన శీతాకాలం తయారైన సరుకు. క్యాటలాగు బొమ్మకి అచ్చు గుద్దినట్టు సరిపోతుంది కాబట్టి దానికి ఏ రుజువూ అక్కర్లేదు. "ఈ మహానుభావుడి కన్ను మళ్ళీ దేనిమీద పడుతుందోనని రెండు కొన్నాను," అన్నాడు నన్ను చూపిస్తూ. తరవాత గొంతు తగ్గించి, "తీసుకో లోవెల్. మా నాన్నది ఇంట్లో గోడకి వేలాడుతోంది. ఏం చేస్తాం," అన్నాడు.

లోవెల్ ఆ కొత్త ఇనుము వంకా, అన్నది వంకా చూశాడు. అర్లీన్ వైపు చూశాడు. వచ్చే ఏడాది పందెం అతనికి లేదని మా ముగ్గురికీ తెలుసు. "పానా ఇవ్వు," అన్నాడు.

ఇద్దరూ కూర్చుని మార్చారు. లోవెల్ చేతులు వణికి బోల్టు చేతిలోంచి జారితే రస్ పట్టుకున్నాడు. డ్వైట్ స్వింగ్ ఆర్మ్‌ని ఊడదీసి అర్లీన్ ఒళ్ళో పెట్టారు. ఆమె కుర్చీలో కూర్చుని దాన్ని పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుంది. నేను వంగి కూడా చూడకుండా పచ్చ స్టిక్కరు అంటించాను. ఇరవై ఏళ్ళలో చూడకుండా అంటించింది అదొక్కటే.

పందెం మధ్యాహ్నం జరిగింది. గేటు పడింది. పదమూడు బండ్లలో అరవై ఒకటో నంబరు పదకొండోదిగా వచ్చింది. పడలేదు, ఆగలేదు. నేను కంచె పట్టుకుని "కానీ లోవెల్! కానీ!" అని పిచ్చివాడిలా అరిచాను. చివరి గుట్ట మీద వెనక చక్రం దిగిన తీరు చూశాను. బిరుసుగా, ఎగిరిపడుతూ దిగింది. డ్వైట్ బండి అలా దిగేది కాదు. ఆ తేడా తెలిసినవాళ్ళు ఆ పందెం పొలంలో ఇద్దరమే, నేనూ లోవెలూ.

లోవెల్ తిరిగొచ్చి హెల్మెట్ తీశాడు. మొహమంతా బురద.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగుంది వర్జిల్. మంచి బండి." హ్యాండిల్ మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఎవరిదో గాని, మంచి బండి."

నేను అతని హెల్మెట్ అందుకున్నాను.

సర్దుకునేటప్పుడు సాయం చేయడానికి వెళ్ళాను. లోవెల్ కొత్త స్వింగ్ ఆర్మ్‌ని రస్‌కి తిరిగి ఇచ్చేసి అతనితో మాట్లాడుతున్నాడు. నేను పానాలన్నీ ఏరి అతని పనిముట్ల పెట్టెలో పెట్టబోయాను. మూత ఎత్తాను. లోపల ఎప్పటిలాగే చీటీలు వరసగా టేపుతో అంటించి ఉన్నాయి. నవ్వొచ్చింది. పైన ఉన్నది చదివాను.

"ఏప్రిల్ 9. వర్జిల్‌కి ఫోన్ చేశాను. స్వింగ్ ఆర్మ్ గురించి అడిగాను. ఒక్క చుక్క తుప్పు ఉన్నా డేరాలోకి రానివ్వనన్నాడు. బాగా గీకి, నున్నగా చేసి తెమ్మన్నాడు."

అక్షరాలు వణికిపోయి ఉన్నాయి గాని, తేదీ స్పష్టంగా ఉంది.

అర్లీన్ నా వెనక నిలబడి ఉంది. "మూడు రోజులు గీకాడు," అంది. "చేతులు నిలవక గ్రైండర్ జారి రెండుసార్లు చెయ్యి తెగింది కూడా. నేను చేస్తానంటే ఒప్పుకోలేదు. వర్జిల్ చూస్తాడు, బాగుండాలి అన్నాడు."

అక్కడ అక్షరాలున్నాయని ఈ భూమ్మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ ఫోన్లో ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. తుప్పు గురించి ఉపన్యాసం ఇచ్చాను. పైగా పదిమందిలో బుర్ర లేదా అని అరిచాను. ఆ చీటీ పెట్టెలో పెట్టుకుని, ఒక్క మాట అనకుండా నిలబడ్డాడు ఆ మనిషి.

లోవెల్ వచ్చాడు. నా చేతిలో తెరిచి ఉన్న మూత చూశాడు. నేను నోరు తెరిచాను.

"పోనీలే వర్జిల్," అన్నాడు. "ఆ చివర అటు పట్టుకో, పెట్టె బరువుగా ఉంది."

ఇద్దరం కలిసి పెట్టెని ట్రక్కులోకి ఎత్తాం. డ్వైట్ స్వింగ్ ఆర్మ్‌ని ముందు సీట్లో, తమ ఇద్దరి మధ్యా పెట్టుకుని వాళ్ళు ఇంటికి వెళ్ళారు.