మధ్యలో ఐదడుగుల చదును

అతని అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా పనికి రాలేదు. ఊళ్ళో ఆఫీసులన్నిటికీ అతను టేపు బాబాయే. వికలాంగుల సౌకర్యాల నిబంధనలు మారినప్పుడల్లా బ్యాంకులకూ బడులకూ ఆసుపత్రులకూ వెళ్ళి, ర్యాంపు వాలూ తలుపు వెడల్పూ కొలిచి, ఏమేం మార్చుకోవాలో గడువుకు ముందే చెప్పే కంపెనీలో ఇరవై రెండేళ్ళ నౌకరీ. కూర్చోమన్నా కూర్చోడు, ముందు టేపు బయటికి తీస్తాడు. అతను గుమ్మంలో కనబడితే చాలు, మేనేజర్లకు ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుండేది.

"చక్రాల కుర్చీలో మా ఆఫీసుకి ఎవరూ రారండీ" అనేవాడు ఏ మేనేజరో.

"మెట్లు పెట్టుకుంటే ఎలా వస్తారండీ?" అనేవాడు ఇతను. ఆ మాట అంటూనే టేపు కొస అవతలివాడి చేతికిచ్చేవాడు.

ఈ పంతం ఊరికే పుట్టింది కాదు. అతని అక్కకు మూడో ఏటే రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చేతి మిషను మీద బట్టలు కుట్టి తమ్ముణ్ణి చదివించిన మనిషి. ఎవరింటికి వెళ్ళినా ఇద్దరు మగాళ్ళు వచ్చి మూటను ఎత్తినట్టు ఎత్తి లోపల దించేవారు. ఆ సిగ్గు భరించలేక వెళ్ళడమే మానుకుంది. ఆవిడ ప్రాణమంతా పుస్తకాల్లోనే ఉండేది. వీధి చివరే లైబ్రరీ, దానికి ఐదు మెట్లు. ముప్ఫై ఏళ్ళుగా తమ్ముడు పుస్తకాలు మోసుకురావడం, ఆవిడ చీవాట్లు పెట్టడం.

"మళ్ళీ ఇలాంటి ఏడుపుగొట్టు నవలేనా? కళ్ళు మూసుకుని తెచ్చావా?"

"నాకేం తెలుసే అక్కా, పైన కనబడింది పట్టుకొచ్చాను."

"ఒక్కసారి నేనే వెళ్ళి నా చేత్తో వెతుక్కోవాలిరా. వెనకాల ఎవరూ తొయ్యకూడదు. నువ్వు కూడా."

ఆ ఏడు నిబంధనలు మళ్ళీ మారాయి, జాబితాలోకి లైబ్రరీ కూడా వచ్చింది. టేపు బాబాయి ఇక ఊరుకుంటాడా? మేస్త్రీ నెత్తిన కూర్చుని మరీ కట్టించాడు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు చొప్పున ముప్ఫై అడుగుల ర్యాంపు, అటూ ఇటూ కడ్డీలు. ఖాళీ కుర్చీ తోసి చూసుకుని, ఫారంలో ప్రతి గడిలోనూ 'ఉంది' అని రాసి సంతకం పెట్టాడు.

ఆదివారం పొద్దున అక్క ఉతికిన చీర కట్టుకుని, ఒడిలో ఖాళీ సంచీ పెట్టుకుని బయలుదేరింది. తమ్ముణ్ణి ర్యాంపు కిందే నిలబెట్టింది. చక్రాలు తిప్పుకుంటూ పది అడుగులు ఎక్కింది, ఇరవై ఎక్కింది. అరవై రెండేళ్ళ చేతులు. ఇరవై దాటాక కుర్చీ ఆగిపోయింది. ఊపిరి పీల్చుకుందామని పట్టు సడలించిందో లేదో, కుర్చీ వెనక్కి జారింది. కుడి చేత్తో చక్రాన్ని గట్టిగా ఒడిసి పట్టింది. అతను పరిగెత్తి వెళ్ళి కుర్చీని పట్టుకునే సరికే ఆవిడ భుజంలో ఏదో పుటుక్కుమంది.

"పట్టుకోవద్దన్నానా" అంది, మొహం తిప్పుకుని.

భుజంలో నరం తెగిందని, ఈ వయసులో ఇక మునుపటి బలం రాదని డాక్టరు చెప్పాడు. కుర్చీ చక్రాలే కాదు, కుట్టు మిషను చక్రం కూడా తిరగడం మానేసింది.

మర్నాడు అతను ఆఫీసులో సొరుగు లాగాడు. నాలుగు నెలల కిందట ఇచ్చిన కొత్త ఫారాల కట్ట కట్టినట్టే ఉంది. పాతవి బోలెడు మిగిలాయి కదా, కాగితం దండగ ఎందుకని, వాటి మీదే సంవత్సరం కొట్టేసి కొత్తది వేసుకున్నాడు. గడులన్నీ తనకు కంఠతా వచ్చనే ధీమా ఒకటి. కొత్త ఫారంలో ఒక్క గడే ఎక్కువ ఉంది: ఇరవై అడుగులు దాటిన ర్యాంపుకు, ఆగి ఊపిరి తీసుకోవడానికి మధ్యలో ఐదడుగుల చదును ఉందా? ఊరందరి తప్పులూ పట్టిన మనిషి ఆ కాగితం చేత్తో పట్టుకుని పిల్లాడిలా ఏడ్చాడు.

తన తప్పు తానే రాసిచ్చి, వెంటపడి, నాలుగు నెలల్లో ర్యాంపు పగలగొట్టించి మళ్ళీ కట్టించాడు. ఇంటికొచ్చి అక్క కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"చదును కట్టించానే అక్కా. వెళ్దాం రా."

ఆవిడ ఎడమ చేత్తో అతని తల నిమిరింది.

"ఇప్పుడు నువ్వే తొయ్యాలి కదరా. నువ్వు తోస్తే మధ్యలో ఆగడమెందుకు?"

సాయంత్రం అతనొక్కడే వెళ్ళి ఓ పుస్తకం తెచ్చాడు. అదీ ఏడుపుగొట్టు నవలే. అక్క పేజీలు తిప్పి చూసింది.

"బాగానే ఉంది" అంది.

ఆ తర్వాత అతను ఏ పుస్తకం తెచ్చినా ఆవిడ ఒక్కసారి కూడా తిట్టలేదు.